ఒక థీమ్‌ను పదిమంది కలిసి గీయాలంటే

అందరికీ నమస్కారం.

కోడ్‌ను పదిమంది కలిసి రాయడం మనకు బాగా అలవాటైన పనే. ఒకరు ప్యాచ్ (కోడ్‌లో చిన్న మార్పు) పంపుతారు, టెస్టులు నడుస్తాయి, ఇంకొకరు చదివి చూస్తారు, బాగుంటే కలుపుకుంటారు. బాగాలేకపోతే ఎందుకు బాగాలేదో చెప్పడానికి ఒక దారి ఉంది. ప్రోగ్రామ్ ఆగిపోయిందనో, నెమ్మదించిందనో, లెక్క తప్పిందనో చూపించవచ్చు. డెస్క్‌టాప్ థీమ్, అంటే తెర మీది విండోలు, బటన్లు, ఐకాన్లు ఎలా కనబడాలో చెప్పే రూపం, దాని దగ్గరికి వచ్చేసరికి ఆ దారి మూసుకుపోయినట్టు ఉంటుంది. "ఈ నారింజ రంగు కళ్లకు గుచ్చుకుంటోంది" అని ఒకరంటారు. "అదే కదా దీని అందం" అని ఇంకొకరంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఏ టెస్ట్ నడిపి ఈ తగువు తీరుస్తాం?

ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ ప్రశ్న గురించే. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇష్టాయిష్టాల మీద చేతులెత్తించి థీమ్ తయారు చేయలేం. అలాగని నలుగురు డిజైనర్లు తలుపులు వేసుకుని గీసి చేతికిచ్చినా, వాడేవాళ్లు దాన్ని తమది అనుకోరు. "నాకు నచ్చలేదు" అన్న మాటను తేలిగ్గా తీసుకోకుండా, దాని వెనక పరీక్షించి చూడగలిగే విషయం ఏముందో తవ్వి తీసిన బృందాలే ఈ పనిని ఒడ్డుకు చేర్చాయి.

లైనక్స్ ఆధారంగా నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటులో జరిగింది చూద్దాం, ఎందుకంటే అక్కడ రెండు పద్ధతులూ కనబడతాయి. 2010 ఏప్రిల్‌లో ఉబుంటు 10.04 పూర్తిగా కొత్త రూపంతో వచ్చింది. అప్పటిదాకా ఉన్న గోధుమ రంగు పోయి వంకాయ రంగు, నారింజ వచ్చాయి. యాంబియెన్స్ అనే ముదురు థీమ్ వచ్చింది. వాటితో పాటు విండోను మూసే, పెంచే, తగ్గించే బటన్లు కుడి పక్క నుంచి ఎడమ పక్కకు జరిగాయి. విడుదలకు ముందే ఈ బటన్ల మీద పెద్ద గొడవ జరిగింది. అప్పుడు ప్రాజెక్టు స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ సూటిగానే జవాబిచ్చారు. ఇది ప్రజాస్వామ్యం కాదు, మంచి సూచనలు, మంచి సమాచారం ఇస్తే తీసుకుంటాం, డిజైన్ నిర్ణయాల మీద మాత్రం ఓటింగ్ పెట్టం అన్నారు.

ఆ మాట చాలామందికి కోపం తెప్పించింది. నేను అందులో సగంతో ఏకీభవిస్తాను. బటన్ ఎటుండాలో ఓటుతో తేల్చడం కుదరదు, నిజమే. ఈసారి ఎడమ గెలిస్తే వచ్చేసారి కుడి గెలుస్తుంది, వాడేవాళ్ల చేతికి మాత్రం ఏదీ అలవాటు కాదు. కానీ ఓటు వద్దన్నంత మాత్రాన కారణాలు చెప్పకుండా ఉండనక్కర్లేదు. ఎందుకు జరిపారో జనానికి ముందే తెలిసి ఉంటే, తగువు ఆ కారణం మీద జరిగేది. కారణం చేతిలో లేనప్పుడు ఎవరికైనా మిగిలేది "నచ్చలేదు" అన్న ఒక్క మాటే. ఆ బటన్లు 2017లో 17.10 వచ్చినప్పుడు మళ్లీ కుడి పక్కకు వెళ్లాయి.

ఆ 2017 ఏప్రిల్‌లోనే ఉబుంటు తన సొంత యూనిటీ డెస్క్‌టాప్‌ను ఆపేసి గ్నోమ్ అనే ఇంకో డెస్క్‌టాప్‌కు మారుతున్నట్టు ప్రకటించింది. యాంబియెన్స్ అప్పటికి ఏళ్ల నాటిది, పైగా వేరే డెస్క్‌టాప్ కోసం గీసింది. కొత్త గ్నోమ్ అప్లికేషన్ల మీద అది అతుకు వేసినట్టు ఉండేది. ఈసారి ఉబుంటును నడిపే కంపెనీ డిజైన్ బృందం ఒక్కటే కూర్చుని గీయలేదు. ఆసక్తి ఉన్నవాళ్లందరినీ పిలిచి, పనిని బహిరంగంగా మొదలుపెట్టారు. మొదట్లో దాని పేరు కమ్యూనిథీమ్, తర్వాత యారు. 2018 ఏప్రిల్‌లో వచ్చే 18.04లో దాన్ని డిఫాల్ట్‌గా (ముందే అమర్చి ఉండే థీమ్‌గా) పెట్టాలని అనుకున్నారు. గడువు దగ్గరపడేసరికి పని పూర్తి కాలేదని తేలింది. దాంతో పాత థీమ్‌నే ఉంచేసి, కావాలనుకున్నవాళ్లు కొత్తదాన్ని స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో విడిగా వేసుకునే వీలు కల్పించారు. ఆ అక్టోబరులో 18.10తో యారు డిఫాల్ట్ అయింది.

ఆ వాయిదా నిర్ణయం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. 18.04 అనేది అయిదేళ్ల సపోర్ట్ ఉన్న విడుదల. సగం పూర్తయిన థీమ్‌ను అందులో పెడితే ఆ సగం పని అయిదేళ్లు జనం కళ్ల ముందు ఉంటుంది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లకు గడువు టెన్షన్ మామూలుగా ఉండదు. తాము గీసింది లక్షల తెరల మీద కనబడుతుందన్న ఆశ ఉన్నప్పుడు "ఇంకా కాలేదు" అని ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. పైగా ఆ ఆరు నెలలూ స్నాప్ వేసుకున్నవాళ్లు దాన్ని రోజూ వాడి లోపాలు చెప్పగలిగారు. మాకప్ (నమూనా బొమ్మ) చూసి చెప్పే అభిప్రాయం వేరు, అదే థీమ్ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేసి చెప్పే అభిప్రాయం వేరు.

ఆ బృందం మొదట్లోనే తీసుకున్న ఒక నిర్ణయం గురించి కాస్త వివరంగా చెప్పాలి. థీమ్‌ను ఖాళీ కాగితం మీద మొదలుపెట్టలేదు. గ్నోమ్ సొంత థీమ్ అద్వైతను పునాదిగా తీసుకుని, దాని మీద రంగులు, అంచులు, కొన్ని ఆకారాలు మార్చారు. కొత్తగా చేరేవాళ్లకు ఇది కొంచెం చప్పగా అనిపించవచ్చు. సృజన ఎక్కడుంది అని అడుగుతారు. కానీ గ్నోమ్ కోసం అప్లికేషన్ రాసేవాళ్లు దాన్ని పరీక్షించేది అద్వైత మీదే. బటన్ చుట్టూ ఎంత ఖాళీ ఉంటుంది, జాబితాలో వరుస ఎంత ఎత్తు ఉంటుంది అన్న అంచనాలన్నీ అక్కడి నుంచే వస్తాయి. పునాది అదే అయితే అప్లికేషన్ విరగదు. ఇంకో లాభం కూడా ఉంది. గ్నోమ్ అప్లికేషన్ల బటన్లు, మెనూలు గీసే లైబ్రరీ జీటీకే. జీటీకే థీమ్ అంటే చివరికి ఒక సీఎస్‌ఎస్ (రూపాన్ని వర్ణించే) ఫైల్, దాన్ని సాస్ అనే భాషలో రాసి తయారు చేస్తారు. మనం మార్చిన వరుసలు కొన్నే అయితే, అసలు థీమ్‌లో వచ్చే మార్పులను ఎప్పటికప్పుడు తెచ్చి కలుపుకోవచ్చు. మార్చినవి వేలల్లో ఉంటే ఆ పని ఎవరి వల్లా కాదు.

అంటే పదిమంది కలిసి చేసే డిజైన్‌లో మొదటి ఒప్పందం, దేన్ని మార్చం అన్నదాని మీద జరగాలి. రంగు ఏది, గుండ్రం ఎంత అన్నవి ఆ తర్వాతి మాటలు.

థీమ్ అంటే ఒక్క ఫైలే అనుకుంటే పొరపాటు. అప్లికేషన్ విండోలకు ఒక సీఎస్‌ఎస్, పైన ఉండే ప్యానెల్‌కూ నోటిఫికేషన్లకూ గ్నోమ్ షెల్ వాడే వేరే సీఎస్‌ఎస్, ఐకాన్లు, మౌస్ కర్సర్లు, శబ్దాలు, లాగిన్ తెర. క్యూటీ అనే వేరే లైబ్రరీతో రాసిన అప్లికేషన్లు ఇవేవీ చదవవు, వాటి దారి వేరు. స్నాప్, అలాంటిదే అయిన ఫ్లాట్‌పాక్ అప్లికేషన్లు తమ పెట్టెలో తాము ఉంటాయి కాబట్టి, మన కంప్యూటర్‌లో ఉన్న థీమ్ వాటికి కనబడదు, విడిగా అందించాలి. కొత్తవాళ్లు "ఒక్క రంగే కదా మార్చమంటున్నాం" అన్నప్పుడు మెయింటెయినర్లు (థీమ్‌ను చూసుకునేవాళ్లు) ఎందుకు నిట్టూరుస్తారో ఈ జాబితా చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు రంగుల దగ్గరికి వద్దాం. ఎక్కువ తగువులు ఇక్కడే. ఇక్కడే మంచి సాధనం కూడా మన చేతిలో ఉంది. అక్షరం రంగుకూ దాని వెనక ఉన్న రంగుకూ మధ్య తేడాను ఒక సంఖ్యగా కొలవవచ్చు. తెలుపు మీద నలుపుకు అది 21. రెండూ ఒకే రంగైతే 1. వెబ్ కోసం తయారైన డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలంటుంది, పెద్ద అక్షరాలకు 3 చాలు. 2018లో వచ్చిన 2.1 వెర్షన్ బటన్ అంచుల్లాంటి వాటికీ 3 ఉండాలని చేర్చింది. ప్రమాణం వెబ్‌దే అయినా డెస్క్‌టాప్ థీమ్‌లు గీసేవాళ్లూ ఇదే కొలత వాడుతున్నారు. కన్ను ఎక్కడైనా కన్నే కదా.

ఉబుంటు నారింజనే కొలిచి చూడండి. దాని విలువలు ఎరుపు 233, ఆకుపచ్చ 84, నీలం 32. దాని మీద తెల్ల అక్షరం పెడితే వచ్చే సంఖ్య దాదాపు 3.65. అంటే పెద్ద శీర్షికకు సరిపోతుంది, స్విచ్‌కూ చెక్‌బాక్స్‌కూ సరిపోతుంది, చిన్న అక్షరాలతో ఉన్న బటన్‌కు సరిపోదు. చూశారా, "కళ్లకు గుచ్చుకుంటోంది", "అదే దీని అందం" అన్న ఇద్దరి తగువు ఇక్కడికి వచ్చేసరికి ఎంత మారిపోయిందో! నారింజ ఉండాలా వద్దా అన్నది పక్కకు పోయింది. ఎక్కడ ఉండవచ్చు, ఎక్కడ ఉండకూడదు అన్నది ముందుకొచ్చింది. ఈ ప్రశ్న మీద ఇద్దరూ కలిసి పనిచేయగలరు.

ఇలాంటివే ఇంకొన్ని చిన్న విషయాలు. తెల్లటి వెనుక రంగు మీద మూడు విలువలూ 119 ఉన్న బూడిద రంగు 4.48 దగ్గర ఆగి తప్పుతుంది, మూడూ 118 అయితే 4.54తో నెగ్గుతుంది. ఆ తేడా ఎవరి కంటికీ కనబడదు. అయినా గీత ఒకటి ఎక్కడో గీసుకోవాలి, అది అందరికీ ఒకటే అయి ఉండాలి. రంగులు పోల్చుకోలేని ఇబ్బందిని కూడా మరిచిపోకూడదు. ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. "తప్పు జరిగితే ఎర్ర చుక్క, బాగుంటే పచ్చ చుక్క" అని థీమ్‌లో పెడితే వాళ్లకు రెండూ ఒకటే. చుక్కల ఆకారం మార్చితే తీరిపోయే సమస్య ఇది. ఇది చెప్పగలిగేది ఆ ఇబ్బంది ఉన్నవాళ్లే, అందుకే వాళ్లు బృందంలో ఉండాలి. బహిరంగంగా పనిచేయడం వల్ల వచ్చే అసలైన లాభం నా దృష్టిలో ఇదే. ఒక గదిలో కూర్చున్న నలుగురి కళ్లు దాదాపు ఒకేలా ఉంటాయి.

కొలతలు అన్నిటినీ తేల్చవు. 4.5 దాటిన రంగులు లక్షలు ఉంటాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. అక్కడ రెండు మార్గాలు చూశాను. ఒకటి, వాడేవాళ్లకే వదిలేయడం. కేడీఈ అనే డెస్క్‌టాప్‌లో రంగుల పట్టిక, విండో అంచు, బటన్ల శైలి, ఐకాన్లు అన్నీ విడివిడిగా మార్చుకోవచ్చు. ఉబుంటు 22.04లో పది యాక్సెంట్ రంగులు (బటన్లూ ఎంపికలూ ఎత్తి చూపే రంగులు) ఇచ్చారు. గ్నోమ్ చాలా కాలం వద్దనుకుని, చివరికి 2024 సెప్టెంబరులో వచ్చిన 47వ వెర్షన్‌లో తొమ్మిది రంగులు ఇచ్చింది. నాకు ఇది ఇష్టమే, కానీ ఖర్చు గుర్తుంచుకోవాలి. పది రంగులు, లైట్, డార్క్ కలిస్తే ఇరవై రూపాలు. ప్రతి బటన్, ప్రతి స్థితి ఇరవైసార్లు చూడాలి. తగువు తీరడం లేదని ప్రతిదాన్నీ సెట్టింగ్‌గా మార్చేస్తే ఆ భారం పరీక్షించేవాళ్ల నెత్తిన పడుతుంది.

రెండో మార్గం, చివరి మాట ఎవరిదో ముందే నిర్ణయించుకోవడం. ఐకాన్లకు ఒకరు, షెల్‌కు ఒకరు, రంగులకు ఒకరు. వాళ్లు అందరి మాటా వినాలి, కారణం రాయాలి, నిర్ణయం చెప్పాలి. ఆ కారణం రాతలో ఉండటం ఎంత అవసరమో ఆరు నెలల తర్వాత తెలుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు అదే ప్రశ్న మళ్లీ అడుగుతారు, అప్పుడు పాత చర్చ చూపిస్తే చాలు. రాయకపోతే ప్రతి విడుదలకూ అదే తగువు మొదటి నుంచి జరుగుతుంది. జనం అలిసిపోయి వెళ్లిపోయేది తగువు వల్ల కాదు, అదే తగువు మళ్లీ మళ్లీ రావడం వల్ల.

ఓటు పనికొచ్చే చోటు కూడా ఒకటుంది. డెబియన్ అనే ఇంకో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి విడుదలకూ కొత్త చిత్రకళను ఆహ్వానిస్తుంది. ఎవరైనా పంపవచ్చు, జనం తమ ఇష్టం చెబుతారు. 2019లో ఫ్యూచర్ ప్రోటోటైప్, 2021లో హోమ్‌వరల్డ్, 2023లో ఎమరాల్డ్, 2025లో సెరటాప్సియన్ అలా ఎంపికైనవే. వాల్‌పేపర్, లాగిన్ తెర, బూట్ మెనూ ఒకే బొమ్మ చుట్టూ తయారవుతాయి. ఇక్కడ ఓటు ఎందుకు పనిచేస్తుందంటే, ఒక మనిషి గీసిన మొత్తం పనిని జనం ఎంచుకుంటున్నారు, దానిలోని ఒక్కో గీతను కాదు. పైగా రెండేళ్లకు అది మారిపోతుంది, దాని వల్ల ఏ అప్లికేషనూ విరగదు.

ఐకాన్ల విషయానికి వస్తే టాంగో ప్రాజెక్టును గుర్తు చేసుకోవాలి. 2005లో మొదలైంది. అప్పట్లో ఒక అప్లికేషన్ ఐకాన్ ఎదురుగా చూసినట్టు, ఇంకోటి పై నుంచి చూసినట్టు, మూడోది మెరిసిపోతూ ఉండేవి. టాంగో వాళ్లు చేసిన మంచి పని, బొమ్మలతో పాటు నియమాలు రాయడం. వెలుగు ఎటు నుంచి పడాలి, అంచు గీత ఎంత మందం ఉండాలి, 16 పిక్సెళ్లలో ఎలా గీయాలి, 48లో ఎలా గీయాలి. రంగులకు 27 ఛాయల పట్టిక ఇచ్చి, వెన్న, చాక్లెట్, ఊసరవెల్లి లాంటి పేర్లు పెట్టారు. ఆ నియమాలు చదివి ఎక్కడో ఉన్న అపరిచితుడు గీసిన ఐకాన్ కూడా మిగతావాటి పక్కన ఇమిడిపోయేది. ఒకరినొకరు చూడకుండా కలిసి గీయడానికి అంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. 2009లో ఆ బొమ్మలను పబ్లిక్ డొమైన్‌లో పెట్టేశారు, దాంతో ఎవరైనా ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చు.

దీనికి తోడు, వేర్వేరు డెస్క్‌టాప్‌లకు ఉమ్మడి నియమాలు రాసే ఫ్రీడెస్క్‌టాప్ వాళ్ల ఐకాన్ పేర్ల ప్రమాణం ఉంది. అప్లికేషన్ "డాక్యుమెంట్-సేవ్" అని అడుగుతుంది, ఏ థీమ్ ఉంటే ఆ థీమ్ తన బొమ్మ ఇస్తుంది. తన దగ్గర లేకపోతే తాను ఏ థీమ్ మీద ఆధారపడిందో దాన్ని అడుగుతుంది, అక్కడా లేకపోతే చివరికి హైకలర్ అనే ఉమ్మడి థీమ్‌లో వెతుకుతారు. అందుకే కొత్త ఐకాన్ థీమ్‌ను వేల బొమ్మలతో మొదలుపెట్టనక్కర్లేదు. యాభై గీసినా పని జరుగుతుంది.

ఇక నిర్వహణ. ఉత్సాహంగా మొదలైన థీమ్‌లు చాలావరకు ఆగిపోయేది ఇక్కడే. 2016లో జీటీకే 3.20 వచ్చినప్పుడు సీఎస్‌ఎస్‌లో భాగాలను పిలిచే పద్ధతే మారిపోయింది. అప్పటిదాకా రాసిన బయటి థీమ్‌లన్నిటినీ చాలావరకు తిరగరాయాల్సి వచ్చింది. మెయింటెయినర్ లేనివి అక్కడే ఆగిపోయాయి. యారులో కూడా మొదట్లో ముదురు హెడర్ బార్ (విండో పై పట్టీ), కింద లేత విండో ఉండేవి. చాలామంది మెచ్చుకున్న రూపం అది. జీటీకే 4లో అలాంటి మిశ్రమాన్ని నడపడం కష్టమైంది, ఉబుంటు 21.10లో పూర్తి లేత రూపాన్ని డిఫాల్ట్ చేశారు. బాధపడ్డవాళ్లు ఉన్నారు. కానీ ప్రతి విడుదలకూ విరిగేదాన్ని ఎవరో ఒకరు రాత్రుళ్లు కూర్చుని అతికించాలి, ఆ ఒకరు ఉద్యోగం చేసుకుంటూ ఖాళీ సమయంలో వచ్చే మనిషి. ఆ మనిషి సమయం కూడా డిజైన్‌లో భాగమే అని నేను గట్టిగా నమ్ముతాను.

అప్లికేషన్లు రాసేవాళ్ల గోడు కూడా వినాలి. 2019లో గ్నోమ్ డెవలపర్లు కొందరు, దయచేసి మా అప్లికేషన్లకు థీమ్ వేయకండి అని ఒక బహిరంగ లేఖ రాశారు. సొంత కంప్యూటర్‌లో ఇష్టం వచ్చినట్టు మార్చుకునేవాళ్ల మీద వాళ్లకు అభ్యంతరం లేదు. ఉబుంటు లాంటి డిస్ట్రిబ్యూషన్లు డిఫాల్ట్‌గా వేరే థీమ్ పెట్టి, దాని వల్ల అక్షరాలు కనబడకపోతే ఆ ఫిర్యాదు తమకు రావడం మీదే అభ్యంతరం. అది న్యాయమైన మాట. 2021 చివర్లో వచ్చిన లిబ్‌అద్వైత అనే గ్నోమ్ లైబ్రరీ ఆ దిశలోనే వెళ్లింది, దానితో రాసిన అప్లికేషన్లు మామూలు థీమ్ మార్పులను పట్టించుకోవు. దీన్ని థీమ్‌ల మీద యుద్ధంగా చూసినవాళ్లున్నారు. నేనలా చూడను. థీమ్ గీసేవాళ్లూ అప్లికేషన్ రాసేవాళ్లూ ముందే మాట్లాడుకుని ఉంటే చాలా కోపతాపాలు తప్పేవి. మీరు థీమ్ మొదలుపెడితే, మీ డిఫాల్ట్ అప్లికేషన్లు ఎవరు రాస్తున్నారో తెలుసుకుని, విడుదలకు ముందే వాళ్లకు స్క్రీన్‌షాట్లు పంపండి.

ఇందాక కొందరు అడిగారు, గీయడం రానివాళ్లు ఏం చేయాలని. చేయాల్సింది చాలా ఉంది. రోజూ వాడి చూడటమే పెద్ద పని. కీబోర్డ్ ఒక్కదానితో మెనూలన్నీ తిరిగి చూడండి, ఇప్పుడు ఏ బటన్ మీద ఉన్నామో తెలుస్తోందా? పాత, వెలుగు తక్కువ తెర మీద డార్క్ మోడ్‌లో విండో అంచులు విడివిడిగా కనబడుతున్నాయా? అక్షరాల సైజు పెంచితే ఏమైనా తెగిపోతున్నాయా?

మన భాష మాట్లాడేవాళ్లకు ఇంకో పని ప్రత్యేకంగా ఉంది. థీమ్ గీసేవాళ్లలో చాలామంది ఇంగ్లీషు అక్షరాలు పెట్టి చూస్తారు. వాటికి కింద వత్తులు ఉండవు. బటన్ ఎత్తును ఇన్ని పిక్సెళ్లని బిగించేస్తే "రాష్ట్రం" లాంటి మాటలో కింది వత్తులు తెగిపోతాయి, గుడి ఉన్న మాటల్లో అది పై అంచుకు తగులుతుంది. కనీస ఎత్తు మాత్రమే చెప్పి మిగతాది అక్షరాన్ని బట్టి పెరగనిస్తే ఈ తిప్పలు ఉండవు. కుడి నుంచి ఎడమకు రాసే అరబిక్, ఉర్దూ వాడేవాళ్లకు "వెనక్కి" బాణం తిరగబడాలి, గడియారం బొమ్మ మాత్రం తిరగకూడదు. ఇవన్నీ ఆ భాష వాడేవాళ్లు చెబితే తప్ప తెలియవు.

కాబట్టి ఇంటికి వెళ్లాక డెస్క్‌టాప్‌ను తెలుగులోకి మార్చి, సెట్టింగ్స్, ఫైల్స్, క్యాలెండర్ ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ఎక్కడైనా వత్తు తెగితే రెండు స్క్రీన్‌షాట్లు తీయండి, ఒకటి ఆ థీమ్‌తో, ఇంకోటి అద్వైతతో. రెండింటిలోనూ తెగితే తప్పు థీమ్‌ది కాకపోవచ్చు, ఫాంట్‌దో అప్లికేషన్‌దో అయి ఉండవచ్చు. అప్పుడు వాళ్లకు రాయాలి. నివేదికలో ఫాంట్ పేరు, సైజు, తెర స్కేలింగ్ ఎంత ఉందో తప్పకుండా చేర్చండి. అవి లేకపోతే అదే లోపం వాళ్ల తెర మీద కనబడదు, కనబడనిదాన్ని వాళ్లు సరిచేయలేరు.